రాగిరేకు మీద ముఖం, యంత్రం నోట వర్ణన

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ ఉక్కపోతలోనూ వచ్చి కూర్చున్న గ్రంథాలయ పాఠకులకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

పాత పుస్తకాలలో మొదటి పుటకు ఎదురుగానో, విడి కాగితాల మీదనో, సన్నని నల్ల గీతలతో అచ్చైన రూపచిత్రాలను కృత్రిమ మేధ చేత వర్ణింపజేయవచ్చునా, ఆ వర్ణనను గ్రంథాలయ సూచిలో ఎంతవరకు చేర్చుకోవచ్చు అన్నది ఈ రోజు నాకు ఇచ్చిన విషయం. చేయించవచ్చుననే నా జవాబు. కొంతకాలంగా నేను చేయిస్తూనే ఉన్నాను. అయితే యంత్రం తనంతట తాను ముఖంతో మొదలుపెడుతుంది, గీతల దాకా రానే రాదు. మనం గీతలతో మొదలుపెట్టించి ముఖాన్ని చిట్టచివరికి నెట్టాలి. ఆ వరుస ఎందుకు మార్చాలో చెప్పడానికే నాకిచ్చిన సమయమంతా వాడుకుంటాను.

నెల్లూరు వారికి రాగిరేకు కొత్త వస్తువు కాదు. ఈ జిల్లాలోని తామ్రశాసనాలను, శిలాశాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి సేకరించగా 1905లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. చరిత్ర విద్యార్థులు ఇప్పటికీ వాటిని తిరగేస్తూనే ఉన్నారు. శిలాశాసనానికి నకలు తీసేటప్పుడు తడి కాగితాన్ని రాతి మీద పరచి, బ్రష్షుతో కొట్టి గాళ్లలోకి దిగేలా చేసి, పైన సిరా అద్దుతారు. సిరా పైభాగానికే అంటుకుంటుంది కాబట్టి అక్షరం తెల్లగానూ రాతి నేల నల్లగానూ వస్తాయి. యూరపులో రాగిరేకు మీద చెక్కిన చిత్రం దీనికి సరిగ్గా తిరగవేత. బ్యూరిన్ అనే సన్నని ఉలితో రేకు మీద గాడి తీసి, రేకంతటా సిరా పూసి, పైభాగాన్ని శుభ్రంగా తుడిచి, తడి కాగితం పరచి రెండు రోలర్ల నడుమ గట్టిగా ఒత్తితే, గాడిలో మిగిలిన సిరా మాత్రమే కాగితానికి ఎక్కుతుంది. ఆ ఒత్తిడికి రేకు అంచు కాగితం మీద పల్లంగా ముద్ర పడుతుంది. అంచులు కత్తిరించని కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే ఆ ముద్ర కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో బూడిద రంగు అనేది లేదు. సిరా ఉన్నచోట నలుపు, లేనిచోట కాగితం తెలుపు, అంతే. చెంప మీది నీడైనా, పట్టువస్త్రం నిగనిగ అయినా, గడ్డం వెంట్రుకల మెత్తదనమైనా గీతల మందంతో, ఎడంతో, ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా పోయే అల్లికతో పుట్టవలసిందే. కొందరు గీతలకు బదులు చుక్కలు వాడారు. పాత్రల దుకాణంలో గిన్నె మీద ఇంటిపేరు చెక్కించుకున్నప్పుడు అక్షరాన్ని దగ్గరగా చూడండి, అది గీత కాదు, చుక్కల వరుస. ఆ పనివాడి చేతిని వందరెట్లు సున్నితం చేస్తే చుక్కల రూపచిత్రం వస్తుంది. 1642లో లుడ్విగ్ ఫాన్ సీగెన్ మొదలుపెట్టిన మెజోటింట్ పద్ధతి మరొక దారి. అందులో రేకంతా ముందే గరుకు చేసి, వెలుతురు కావలసిన చోట నునుపు చేసుకుంటూ పోతారు. చీకటిలోనుంచి ముఖాన్ని బయటకు తీయడమన్నమాట. ఈ మూడింటినీ వేరుచేసి చెప్పలేని వర్ణన, పాటకు రాగమేదో తాళమేదో చెప్పకుండా బాగుందని ఊరుకోవడం వంటిది.

ఇక యంత్రం చూపు సంగతి. బొమ్మలను, మాటలను జతకలిపి నేర్చుకునే కృత్రిమ మేధ నమూనాలలో (మోడళ్లలో) పేరు పొందిన క్లిప్‌ను ఓపెన్‌ఏఐ సంస్థ 2021లో విడుదల చేసింది. ఇంటర్నెట్‌లో దొరికిన 40 కోట్ల బొమ్మ-వాక్యం జంటలతో దానికి శిక్షణ ఇచ్చారు. ఆ తరహా నమూనాలలో ఒక సామాన్యమైన అమరిక ఏమిటంటే, మనం ఎంత పెద్ద బొమ్మ ఇచ్చినా దానిని అడ్డం 224, నిలువు 224 పిక్సెళ్లకు కుదించి, 16 పిక్సెళ్ల చదరపు పలకలుగా, అంటే మొత్తం 196 పలకలుగా కోసుకుని చూడడం. తర్వాత వచ్చిన నమూనాలు ఇంతకంటే పెద్ద బొమ్మను చూడగలవు, పెద్దదైతే ముక్కలు చేసుకుని కూడా చూడగలవు. అయినా కుదింపు అనేది పూర్తిగా పోలేదు. వెంట్రుక మందం గల గీతలు వేలాదిగా ఉన్న చిత్రాన్ని కుదిస్తే ఏమవుతుంది? గీతలన్నీ కలిసిపోయి బూడిద రంగు మరక మిగులుతుంది. చిత్రంలో లేని రంగును యంత్రం చూస్తుంది, ఉన్న గీతను చూడదు. తైలవర్ణ చిత్రమనో, పాత నలుపు తెలుపు ఫోటో అనో చెప్పడానికి కారణం ఇదే.

కందుకూరు నుంచి ఒక మిత్రుడు తన తాతగారి పుస్తకంలోని బొమ్మను వాట్సాప్‌లో పంపి, దీని వర్ణన రాయించమన్నాడు. ఎవరో తెల్లదొర, గుండీల కోటు. యంత్రం ఆయన చెంపల మీద ‘లోతైన ముడతలు’ ఉన్నాయనీ, ‘కష్టాలు చూసిన వృద్ధుడు’ అనీ రాసింది. అసలు పుస్తకం తెప్పించుకుని భూతద్దం పెట్టి చూస్తే ఆయనకు ముప్పయి అయిదేళ్లకు మించి ఉండవు. ముడతలని యంత్రం అనుకున్నవి నీడ కోసం చెక్కిన అడ్డగీతలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో ఒకసారి కుదించుకుపోతుంది, యంత్రం మరోసారి కుదిస్తుంది. పాపం ఆ దొర రెండు కుదింపులలో ముసలివాడైపోయాడు. అప్పటినుంచి నేను బొమ్మను డాక్యుమెంటుగా పంపమని అడుగుతున్నాను. దానిని తల, మొండెం, చేతులు, అడుగున ఉన్న అక్షరాలు అని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కనూ విడిగా చూపించి అడుగుతున్నాను.

అడుగున ఉన్న అక్షరాలన్నాను. చెక్కుడు చిత్రంలో ఎక్కువ నమ్మదగినది ఆ భాగమే. ఎడమవైపు మూల లాటిన్‌లో ‘పింక్సిట్’ అని ఉంటే ఆ ముందున్న పేరు చిత్రాన్ని రంగులలో వేసినవాడిది. కుడివైపు ‘స్కల్ప్‌సిట్’ అని ఉంటే రేకు చెక్కినవాడిది. ‘డెలినియావిట్’ అంటే గీసినవాడు, ‘ఎక్స్‌కుడిట్’ అంటే అచ్చు వేయించి అమ్మినవాడు. విలియం హోగార్త్ మొదలైన చిత్రకారులు పట్టుబట్టగా ఇంగ్లండులో 1735లో వచ్చిన చట్టం ప్రకారం కాపీరైటు హక్కు కావాలనుకున్న ప్రతి రేకు మీదా సొంతదారు పేరు, ప్రచురించిన తేదీ చెక్కవలసి వచ్చింది. అందువల్ల ఆ తర్వాతి ఇంగ్లీషు చిత్రాలలో చాలావాటికి రోజుతో సహా తేదీ దొరుకుతుంది. ఈ అక్షరాలు చదవడంలో యంత్రం మనకు నిజంగా ఉపకారి. లాటిన్ సంక్షిప్తాలను నిమిషంలో విప్పి చెబుతుంది. కాకపోతే ఆ కాలపు పొడుగు ఎస్ అక్షరాన్ని ఎఫ్ అని చదివే అలవాటు దానికి అప్పుడప్పుడు ఉంటుంది, చూసుకోవాలి.

ఆ అక్షరాలు ఉండవలసిన చోట ఖాళీ ఉంటే కష్టం. జేమ్స్ గ్రాంజర్ 1769లో ఇంగ్లండు ప్రముఖుల జీవితచరిత్రలను చెక్కుడు రూపచిత్రాల పట్టికతో జతచేసి ప్రచురించాక, చదువుకున్న ధనవంతులకు ఒక పిచ్చి పట్టుకుంది. ఇతర పుస్తకాలలోనుంచి బొమ్మలను కోసి, అంచులు కత్తిరించి, తమ పుస్తకంలో అతికించుకోవడం. ఆ కత్తెరకు బలి అయినది తరచుగా అడుగు భాగమే. పేరు పోయి ముఖం మిగిలిన చిత్రాలు ఇలా ఎన్నో తయారయ్యాయి. ఇటువంటి బొమ్మ చేతికిచ్చి ఎవరిదని అడిగితే యంత్రం ఊరుకోదు. ఏదో ఒక పేరు చెబుతుంది. పరీక్షలో ప్రశ్న వదిలేస్తే మార్కులు పోతాయని నేర్పిన పిల్లవాడిలాగా, జవాబు తెలియకపోయినా కాగితం నింపుతుంది.

పేరు చెప్పడంలో అంత అభ్యంతరం ఏముంది, పోలికలు చూసి మనం మాత్రం చెప్పడం లేదా అని ఎవరైనా అడగవచ్చు. చెక్కుడు చిత్రాలలో పోలిక అంత సులువుగా నమ్మదగినది కాదని చరిత్రే చెబుతోంది. 1493లో నూరెంబర్గ్‌లో అచ్చైన ప్రసిద్ధ చరిత్ర గ్రంథంలో, అది రాగి కాదు, చెక్క దిమ్మె అచ్చు, ఒకే దిమ్మెను వేర్వేరు రాజులకు, పోపులకు మళ్లీమళ్లీ వాడారు. పేరు మారింది గాని ముఖం మారలేదు. దీనికంటే విచిత్రమైనది పియర్ లొంబార్ట్ చెక్కిన గుర్రపు రౌతు చిత్రం. చిత్రకారుడు వాన్ డైక్ వేసిన ఇంగ్లండు రాజు మొదటి ఛార్లెస్ చిత్రాన్ని అనుసరించి ఆ గుర్రం, ఆ ఠీవి చెక్కి, 1650ల ప్రాంతంలో మీద ఆలివర్ క్రామ్‌వెల్ తలను పెట్టాడు. 1649లో ఛార్లెస్ రాజుకు శిరచ్ఛేదం జరిపించినవారిలో ముఖ్యుడు ఈ క్రామ్‌వెలే. కాలం తిరగబడి రాచరికం మళ్లీ వచ్చాక అదే రేకు మీద క్రామ్‌వెల్ తలను చెరిపి ఛార్లెస్ తలను చెక్కారు. రాగిలో ఇది సాధ్యమే. పాత గీతలను గీకివేసి, వెనుకనుంచి సుత్తితో మెల్లగా కొట్టి పల్లాన్ని సమం చేసి, మళ్లీ చెక్కుతారు. తల లేని రౌతుగా తీసిన కాగితాలు కూడా మిగిలి ఉన్నాయి. ఇప్పుడు ఆ చిత్రం చూపిస్తే యంత్రం ‘రాజసం ఉట్టిపడే ముఖం, దృఢసంకల్పం గల నాయకుడు’ అని రాస్తుంది. ఏ తల ఉన్నప్పుడు?

మన సంగతి చూసుకున్నా అంతే. తిక్కన సోమయాజి బొమ్మ నెల్లూరు పిల్లవాడికెవరికైనా తెలుసు. ఆయన 13వ శతాబ్దంవాడు. ఆయనను కళ్లారా చూసి వేసిన చిత్రం ఒక్కటీ లేదు. మనం గుర్తుపట్టేది తిక్కనను కాదు, మనకు అలవాటైన బొమ్మను. యంత్రం గుర్తుపట్టడమూ ఇటువంటిదే. ఇంటర్నెట్‌లో ఎక్కువసార్లు కనబడిన ముఖం దానికి బాగా తెలిసిన ముఖం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన చిక్కు ఎడమ-కుడి చిక్కు. గోల్కొండ 1687లో ఔరంగజేబు చేతిలో పడడానికి ముందు అక్కడి చిత్రకారులు యూరోపియన్ వర్తకులకు అమ్మడానికి సుల్తానుల, మొగలు పాదుషాల చిన్న రూపచిత్రాల సంపుటాలు తయారుచేసేవారు. ఆమ్‌స్టర్‌డామ్ నగరాధ్యక్షుడు నికోలాస్ విట్సెన్ దగ్గర అటువంటిది ఒకటి ఉండేది. 49 చిత్రాల ఆ సంపుటం ఇప్పుడు అదే నగరంలోని రైక్స్ మ్యూజియంలో ఉంది. ఇటువంటి చిత్రాలను చూసి డచ్చి పుస్తకాలకు రాగిరేకులు చెక్కారు. చూసింది చూసినట్టు రేకు మీద చెక్కితే అచ్చులో అద్దంలో ప్రతిబింబంలాగా తిరగబడుతుంది. కుడిచేతిలోని పువ్వు ఎడమచేతికి మారుతుంది, ఎడమ నడుముకు వేలాడే కత్తి కుడివైపుకు వస్తుంది. ఇంతవరకైతే ఫరవాలేదు. కాని ఆ కాలంలో జామాను, అంటే పక్కన ముడివేసుకునే పొడుగు అంగీని, ముస్లిములు కుడి చంక కింద, హిందువులు ఎడమ చంక కింద ముడివేసుకునేవారు. చిత్రంలోని మనిషి ఏ మతంవాడో పోల్చుకోవడానికి పండితులు చూసే గుర్తులలో ఇది ఒకటి. చిత్రం తిరగబడితే ఆ గుర్తూ తిరగబడుతుంది. ‘ఎడమ చంక కింద ముడి’ అని యంత్రం ఉన్నదున్నట్టే చెబుతుంది, మనం ఆ మాట నమ్మి సుల్తానును హిందూ సర్దారును చేస్తాం. అందుకని నా సూచిలో ‘కుడి’, ‘ఎడమ’ అన్న మాటలు వచ్చిన ప్రతిచోటా ‘అచ్చులో కనబడినట్టు’ అని చేర్చమని యంత్రానికి ముందే చెబుతాను.

వర్ణన తెలుగులో కావాలన్నప్పుడు మరో ఇబ్బంది ఉంది. తల మీద ఉన్నదేదైనా యంత్రానికి టోపీ, కొంచెం మెరిస్తే కిరీటం. మనకు పాగా ఉంది, తలపాగా ఉంది, రుమాలు ఉంది, కుళ్లాయి ఉంది. కన్నడ రాజ్యానికి వెళ్లినప్పుడు కుళ్లాయి పెట్టుకోవలసి వచ్చిందని శ్రీనాథుడు వాపోయినట్టు చెప్పే చాటువు విననివారు ఇక్కడ తక్కువ. నడికట్టు, పిడిబాకు, ఉత్తరీయం, తావళం వంటి మాటలను అర్థంతో సహా ఒక పట్టికగా రాసి, ఇందులోనుంచే వాడమని ఇస్తే యంత్రం బుద్ధిగా వాడుతుంది. ఆ పట్టిక తయారుచేయడానికి నెలరోజులు పట్టింది. నా లెక్కలో ఈ పని మొత్తంలో నిలిచేది అదే.

ముఖకవళికల విషయంలో మాత్రం నేను రాజీపడను. యోహాన్ కాస్పర్ లావాటర్ అనే స్విస్ మతగురువు 1775 నుంచి 1778 వరకు నాలుగు సంపుటాలలో చెక్కుడు రూపచిత్రాలు వందలాదిగా అచ్చు వేయించి, నుదురు, ముక్కు, గడ్డం చూసి మనిషి గుణం చెప్పవచ్చునని వాదించాడు. మనవాళ్లు దానిని సాముద్రికం అంటారు. ‘కళ్లలో కరుణ’, ‘పెదవులలో క్రూరత్వం’ అని యంత్రం రాసేటప్పుడు అది చేసేది సాముద్రికమే. పెదవిని ఒక గీత కిందికి దించినవాడు చెక్కినవాడు, కూర్చున్న మనిషి కాదు. అటువంటి విశేషణాలన్నీ కొట్టివేస్తాను. ‘పెదవులు మూసి ఉన్నాయి, చూపు బొమ్మకు ఎడమవైపు ఉంది’ అన్నంతవరకు చాలు.

ఇంత కత్తిరించాక మిగిలేది పొడిగా ఉంటుందని ఒక చూపు లేని పాఠకుడు నాతో అన్నారు. ఆయన ఫోన్ తెరను చదివి వినిపించే సాధనంతో ఈ వర్ణనలు వింటారు. ‘ముప్పావు వంతు తిరిగిన ముఖం’ అంటే తనకు ఏమీ తోచడం లేదనీ, గీతలు ఎలా ఉన్నాయో చెబితే కాగితం మీద వేలు నడుపుతున్నట్టు ఉంటుందనీ చెప్పారు. అప్పటినుంచి ప్రతి వర్ణనలో రెండు వాక్యాలు గీతలకే కేటాయించాను. నీడలో గీతలు ఎటు వంగాయి, ఎక్కడ దట్టమయ్యాయి, ఎక్కడ ఆగి తెల్లకాగితాన్ని నుదురుగా వదిలాయి అని. ఇవి రాయడానికి యంత్రానికి ముక్కలు చేసిన పెద్ద బొమ్మ ఇవ్వాలి, రాసినదానిని భూతద్దంతో పోల్చుకోవాలి.

కందుకూరు మిత్రుడి దొర ఎవరో ఇప్పటికీ తేలలేదు. ఆ పుటను ఎవరో బైండింగు సమయంలో అడుగున కోసేశారు. ఇంగ్లీషు అక్షరాల పైభాగాలు నాలుగయిదు మాత్రం కత్తిని తప్పించుకుని మిగిలాయి. యంత్రం మూడుసార్లు అడిగితే మూడు పేర్లు చెప్పింది. సూచిలో ‘పేరు తెలియని పురుషుడు, రాగిరేకు చెక్కుడు, అడుగు కత్తిరించి ఉంది’ అని రాసి, వర్ణన ఏ నమూనా చేత ఏ తేదీన రాయించానో, ఎక్కడెక్కడ నా చేత్తో దిద్దానో దాని పక్కన చేర్చాను. ఆ బొమ్మను ఇప్పుడు తెర మీద వేయిస్తాను. ముందు వరుసలో కూర్చున్నవారు దయచేసి ముఖాన్ని వదిలి, కోటు కాలరు దగ్గర గీతలు ఎటు తిరిగాయో చూడండి.