చెట్టు ఎవరిది, నీటి లెక్క ఎవరిది?

అధ్యక్షులకు, సభకు నమస్కారం.

పేద దేశాల పర్యావరణ విధానాల గురించి మాట్లాడుకునేటప్పుడు చట్టం ఉందా, నిధులు వచ్చాయా అన్న ప్రశ్నలే ముందుకు వస్తాయి. నేలను, నీటిని రోజూ వాడుకునే రైతు చేతిలో వాటి మీద హక్కు, వాటి లెక్క ఉన్నాయా అన్నది అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం.

సహారా ఎడారి దక్షిణపు అంచున ఉన్న నైజర్‌నే చూడండి. ఫ్రెంచి పాలన నాటి అటవీ చట్టం అక్కడి చెట్లను ప్రభుత్వ ఆస్తిగా చూసింది; 1960లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా అదే పద్ధతి సాగింది. తన చేలో మొలిచిన చెట్టు కొమ్మ నరికినందుకు జరిమానా కట్టవలసి వస్తే, ఏ రైతు మాత్రం చెట్టును పెరగనిస్తాడు? విత్తే ముందు చేను శుభ్రం చేస్తూ మొలకలన్నిటినీ కొట్టేసేవారు. కరువు కాలంలో ప్రాజెక్టులు నాటించిన మొక్కలు చాలావరకు ఎండిపోయాయి. 1980లలో మరాడి ప్రాంతంలో పనిచేస్తున్న టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు, చేలలో పొదల్లా కనిపిస్తున్నవి కొట్టేసిన చెట్ల మోళ్ల నుంచి వస్తున్న పిలకలేనని, వేళ్లు లోపల బతికే ఉన్నాయని గుర్తించారు. మోడుకు కొన్ని బలమైన పిలకలు ఉంచి మిగిలినవి కోసేస్తే చాలు. నర్సరీ అక్కర్లేదు, నీరు పోయనక్కర్లేదు. అక్కడి గావో చెట్టు వానాకాలంలో ఆకు రాలుస్తుంది కనుక సజ్జ చేనుకు నీడ పడదు, రాలిన ఆకు ఎరువవుతుంది, కాయలు ఎండాకాలంలో పశువులకు మేతవుతాయి.

ఈ మెళకువ ఒక్కటే అయితే కొన్ని ఊళ్లతో ఆగిపోయేదేమో. అధికారులు పాత నిబంధనల అమలును సడలించడంతో చెట్టు తమదేనన్న ధీమా రైతులకు కలిగింది, ఆ ధీమాతోనే మరాడి, జిండర్ ప్రాంతాల్లో దాదాపు 50 లక్షల హెక్టార్ల సాగుభూమిలో చెట్లు తిరిగి లేచాయి.

మన దగ్గర చెట్టు స్థానంలో భూగర్భజలం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. ప్రజల తాగునీటి బావికి 250 మీటర్లలోపు కొత్త బోరు వేయకూడదని అది చెబుతుంది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. ఒక చేత్తో ఆపి మరో చేత్తో తోడమన్నట్టయింది. రైతు కష్టం తెలిసినవారెవరూ ఉచిత విద్యుత్‌ను తేలిగ్గా తప్పుపట్టలేరు, నేనూ పట్టను. కానీ నేల కింద ఎంత నీరుందో తెలియనివారిని పొదుపు చేయమనడం న్యాయం కాదు.

అదే దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం, ప్రకాశం, మహబూబ్‌నగర్ సహా 7 కరువు జిల్లాల్లో, 600కు పైగా పల్లెల్లో నడిచిన భూగర్భజల పథకం సరిగ్గా ఈ లోటునే పట్టుకుంది. ఊరి స్త్రీపురుషులే వర్షమాపకం చూసి వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి బోరు ఎంత పోస్తోందో లెక్కగట్టారు. ఆ అంకెలు ఊరి గోడ మీదికెక్కాయి. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిందెంత అని బడ్జెట్ వేసుకున్నారు. వరి వేయవద్దని ఎవరూ ఆదేశించలేదు. అయినా చాలాచోట్ల వరి విస్తీర్ణం తగ్గి, తక్కువ నీటితో పండే పంటలు పెరిగాయి.

పంచాయతీ స్థాయి నీటి బడ్జెట్‌నే కేంద్ర ప్రభుత్వం 2019 డిసెంబరులో ప్రారంభించిన అటల్ భూజల్ యోజనలో చేర్చింది. ఆ పథకానికి ఎంచుకున్న 7 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. కేంద్ర పథకం కోసం ఎదురుచూడకుండా మన రెండు ప్రభుత్వాలూ ప్రతి పంచాయతీకి ఒక వర్షమాపకం, కొన్ని పరిశీలక బోర్లు, వాటి లెక్క రాసే మనిషికి గౌరవవేతనం తమ బడ్జెట్లలోనే కేటాయించాలని, రబీకి ముందు జరిగే గ్రామసభలో ఆ లెక్క చదవడం తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.