ఈ జెండాకి బిల్లు ఎవరు కట్టారు?

తమ్ముడు: అక్కా, ముందు నీ మీద కోపం వెళ్లగక్కి మొదలుపెడతా. మొన్న ఎన్ఎఫ్ఎల్, అదే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్ చూస్తున్నాం కదా, గ్రౌండ్ మొత్తం కప్పేసేంత జెండా పరిచారు, యూనిఫాంలో సైనికులు అంచులు పట్టుకుని నిలబడ్డారు, పైనుంచి ఫైటర్ జెట్లు. నా దేశం కూడా కాదు, అయినా ఒళ్లు జలదరించింది. సరిగ్గా అప్పుడు నువ్వు పక్కనుంచి "దీనికి బిల్లు ఎవరు కట్టారో" అన్నావు. అంతే, మూడ్ మొత్తం పోయింది.

అక్క: ఆ మ్యాచ్‌ని అనలేదురా, అలవాటైపోయి అనేశా. కానీ ఒకప్పుడు ఇలాంటివాటికి నిజంగానే బిల్లులున్నాయి. 2015 నవంబర్‌లో జాన్ మెకేన్, జెఫ్ ఫ్లేక్ అని ఇద్దరు అరిజోనా సెనేటర్లు ఒక నివేదిక బయటపెట్టారు. అమెరికా రక్షణ శాఖ క్రీడా టీమ్‌లతో చేసుకున్న 122 కాంట్రాక్టులు తిరగేస్తే, 72 కాంట్రాక్టుల్లో ఈ గౌరవ కార్యక్రమాలకి డబ్బు కట్టినట్టు స్పష్టంగా ఉంది. మెకేన్ అంటే వియత్నాంలో ఐదేళ్లకు పైగా యుద్ధఖైదీగా ఉన్నాయన. ఆయనకి సైన్యం మీద గౌరవం లేదని అనడానికి ఎవరికీ నోరు రాదు.

తమ్ముడు: గౌరవ కార్యక్రమాలంటే ఏంటి, ఈ జెండానా?

అక్క: జెండా ఉంది. జాతీయగీతం పాడించడం, కొత్తగా సైన్యంలో చేరేవాళ్ల చేత గ్రౌండ్ మధ్యలో ప్రమాణం చేయించడం, గాయపడి తిరిగొచ్చిన సైనికుణ్ని పెద్ద తెర మీద చూపించి జనం చేత చప్పట్లు కొట్టించడం కూడా ఉన్నాయి. మిల్వాకీ బ్రూవర్స్ అనే బేస్‌బాల్ టీమ్‌కి విస్కాన్సిన్ రాష్ట్ర సైనిక దళం నేషనల్ గార్డ్ 49 వేల డాలర్లిచ్చింది, దేనికంటే ఆదివారం మ్యాచ్‌ల్లో ఒక దేశభక్తి పాట పాడించడాన్ని స్పాన్సర్ చేసినందుకు. పాటకి స్పాన్సర్! నాకు మాత్రం ఆ గాయపడ్డ సైనికుడి దగ్గరే మనసు ఆగిపోతుంది. టీమే ప్రేమగా పిలిచిందని స్టేడియంలో జనమంతా అనుకుని ఉంటారు, బహుశా అతనూ అలాగే అనుకుని ఉంటాడు.

తమ్ముడు: సైన్యానికి మనుషులు కావాలి కదక్కా. రిక్రూట్‌మెంట్ కోసం యాడ్ ఇచ్చుకుంటే తప్పేముంది?

అక్క: యాడ్ అని చెప్పి ఇస్తే నాకేం గొడవలేదు. సబ్బు యాడ్ వస్తే అది సబ్బు అమ్మడానికేనని నీకు తెలుసు, సగం వింటావు, సగం ఫోన్ చూసుకుంటావు. కానీ లేచి నిలబడి గుండె మీద చెయ్యి పెట్టుకున్నప్పుడు నీకు ఏ అనుమానమూ ఉండదు, అనుమానం వచ్చినా పక్కవాళ్ల ముందు బయటికి అనలేవు, అంటే నువ్వు దేశం మీద గౌరవం లేనివాడివైపోతావు. ఏ సబ్బు కంపెనీకీ దొరకని సౌకర్యం అది. పైగా డబ్బు తీసుకున్నది టీమే, "సైనికులంటే మా టీమ్‌కి ఎంత గౌరవమో" అని పేరొచ్చిందీ టీమ్‌కే.

తమ్ముడు: మరి నివేదిక వచ్చాక ఏం చేశారు?

అక్క: ఎన్ఎఫ్ఎల్ లెక్కలు చూసుకుని 2016లో 7 లక్షల 20 వేల డాలర్లకు పైగా వెనక్కిచ్చేసింది.

తమ్ముడు: డబ్బంటే వెనక్కిచ్చారు. చప్పట్లెలా ఇస్తారు?

అక్క: అదీ మాట! అసలు చప్పట్ల కోసం ఇంత పోటీ ఎందుకో తెలియాలంటే మ్యాచ్ ఎలా తయారవుతుందో చూడాలి. వాల్ స్ట్రీట్ జర్నల్ 2010లో ఎన్ఎఫ్ఎల్ ప్రసారాల్ని గడియారం పెట్టి కొలిచింది. దాదాపు మూడు గంటల ప్రసారంలో బంతి నిజంగా ఆటలో ఉండేది సగటున 11 నిమిషాలు. యాడ్లు ఒక గంట.

తమ్ముడు: పదకొండా? నేను మూడు గంటలు కూర్చున్నా కదా!

అక్క: కూర్చున్నావు, యాడ్లు చూశావు. ఒక్కో సగం ఆటలో చివరి రెండు నిమిషాల ముందు ఆట ఆపుతారు చూడు, అది కూడా ఇంతే. పాతకాలంలో అసలు టైమ్ గ్రౌండ్‌లో ఉన్న అధికారి చేతిలో ఉండేది, అందుకని రెండు నిమిషాలే మిగిలాయని టీమ్‌లకి చెప్పడానికి ఆపేవాళ్లు. ఇప్పుడు ఆ గడియారం స్టేడియంలో అందరికీ కనిపిస్తూనే ఉంది, అయినా ఆపుతారు, ఎందుకంటే అక్కడ యాడ్ పడుతుంది. 2025 సూపర్ బౌల్‌లో, అంటే ఎన్ఎఫ్ఎల్ ఫైనల్లో, 30 సెకన్ల యాడ్ ధర 80 లక్షల డాలర్ల దాకా పోయింది. ఇన్ని యాడ్లు చూసి చూసి జనం కళ్లు మొద్దుబారిపోతాయి కాబట్టి, జనం చూపు తిప్పుకోని రెండు మూడు నిమిషాలు ఎక్కడున్నాయా అని అమ్మేవాళ్లు వెతుక్కుంటారు. జాతీయగీతం టైమ్ అలాంటిదే.

తమ్ముడు: కానీ గీతం పాడటం మొదటినుంచీ ఉన్నదే కదా? అది ఎవరో అమ్మడానికి పెట్టింది కాదుగా.

అక్క: 1918 వరల్డ్ సిరీస్, అంటే అమెరికా బేస్‌బాల్ ఫైనల్ పోటీలు. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది, కుర్రాళ్లు యుద్ధంలో చస్తుంటే వీళ్లు బంతాట ఆడుకుంటున్నారని ఆటగాళ్ల మీద విమర్శలున్నాయి. షికాగోలో మొదటి మ్యాచ్ ఏడో ఇన్నింగ్స్ విరామంలో బ్యాండ్ ఆ పాట ఎత్తుకుంది. అప్పటిదాకా చప్పగా ఉన్న జనం ఒక్కసారిగా గొంతు కలిపారు. యజమానులు చూసి ఊరుకుంటారా, తర్వాతి మ్యాచ్‌ల్లోనూ వాయించారు. అప్పటికింకా అది అధికారికంగా జాతీయగీతం కూడా కాదు, 1931లో అయింది. ఆ రోజు జనం పాడింది మాత్రం నిజంగా మనసులోంచే పాడారు, అది నేను కాదనను.

తమ్ముడు: అంటే రెండూ ఉన్నాయంటావు.

అక్క: ఎప్పుడూ రెండూ ఉంటాయి, చిక్కంతా అక్కడే. భావన నిజం కాకపోతే దాన్ని ఎవడు కొంటాడు? ఐపీఎల్ చూడు. 2020లో గల్వాన్ గొడవ తర్వాత చైనా కంపెనీ వివో టైటిల్ స్పాన్సర్‌గా ఉండటం మీద జనానికి నిజంగానే కోపం వచ్చింది, ఆ ఏడాది వివో తప్పుకుంది. 2021లో మళ్లీ అదే వివో పేరుతో ఐపీఎల్ జరిగింది. దేశభక్తి ఒక సీజన్ సెలవు పెట్టించింది, అంతే!

తమ్ముడు: ఎన్ఎఫ్ఎల్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్ మరి? ఆయన 2016లో గీతం టైమ్‌లో మోకాలి మీద కూర్చుని, నల్లజాతివాళ్ల మీద జరిగే అన్యాయానికి, పోలీసుల హింసకి నిరసన తెలిపాడు కదా. ఆ సీజన్ తర్వాత ఏ టీమూ తీసుకోలేదు.

అక్క: టీమ్‌లు తీసుకోలేదు, 2018లో నైకీ యాడ్‌లోకి తీసుకుంది. కోపంతో కొంతమంది నైకీ బూట్లు తగలబెట్టి వీడియోలు పెట్టారు, డబ్బు పెట్టి కొన్న బూట్లే పాపం. అదే నైకీ అప్పుడు ఎన్ఎఫ్ఎల్ టీమ్‌లన్నిటికీ జెర్సీలు కూడా చేస్తోంది. నిలబడినవాడూ గిరాకీయే, కూర్చున్నవాడూ గిరాకీయే.

తమ్ముడు: నువ్వు చెప్తుంటే నాకు ఇంకేదీ చూడాలనిపించట్లేదక్కా.

అక్క: చూడరా, నేనూ చూస్తా. ఇంకో తమాషా విను. జెండాని ఎలా వాడాలో అమెరికాలో ఒక నియమావళి ఉంది, ఫ్లాగ్ కోడ్ అంటారు. ఉల్లంఘిస్తే శిక్షలేం లేవనుకో. జెండాని అడ్డంగా పరిచినట్టు మోసుకెళ్లకూడదు, ఎప్పుడూ పైకెత్తి ఎగరనివ్వాలి అని రాసుంది. ప్రకటనల కోసం ఏ రకంగానూ వాడకూడదు, క్రీడా యూనిఫాంలో భాగం చెయ్యకూడదు అని కూడా ఉంది.

తమ్ముడు: ఆగాగు. మరి మొన్న గ్రౌండ్ నిండా పరిచింది?

అక్క: అడ్డంగానే కదా. నీ టోపీ మీద ఏముంది?

తమ్ముడు: ...నా టీమ్ లోగో. మిలటరీ రంగుల్లో. పక్కన చిన్న జెండా.

అక్క: ఎప్పుడు కొన్నావు?

తమ్ముడు: ఆ జెట్లు వెళ్లాయి చూడు, అప్పుడే, ఫోన్‌లో. నువ్వు ఆ మాట అనక ముందే ఆర్డర్ పెట్టేశా.