రియోహా తోటల నుంచి బాస్క్ తీరం దాకా: ఇద్దరికి ఆరు రాత్రులు

నమస్తే అండి. స్పెయిన్ అనగానే మనవాళ్ళ లిస్టులో బార్సిలోనా, మాడ్రిడ్ తప్ప ఇంకోటి ఉండదు. ఈసారి వాటి జోలికి పోవట్లేదు. ఉత్తరాన బిల్బావోలో దిగి, కారు తీసుకుని దక్షిణానికి సుమారు 100 కిలోమీటర్లు వెళ్తే రియోహా ద్రాక్షతోటలు. అక్కడ మూడు రాత్రులు. తర్వాత సముద్రం వైపు తిరిగి బాస్క్ ప్రాంతంలోని సాన్ సెబాస్టియన్‌లో మూడు రాత్రులు. తిండి, వైన్ కోసమే వెళ్ళే జంటకు ఇంతకంటే పొందికైన రూట్ ఉత్తర స్పెయిన్‌లో లేదని మా అభిప్రాయం.

హోటల్ కన్నా ముందు బుక్ చెయ్యాల్సింది మధ్యాహ్న భోజనం. ఇక్కడ వంటింటికి టైమ్ ఉంటుంది. లంచ్ ఒకటిన్నర నుంచి మూడున్నర దాకా, డిన్నర్ ఎనిమిదిన్నర, తొమ్మిదికి గానీ మొదలవ్వదు. మధ్యలో ఆకలేస్తే కాఫీ, బార్‌లో మిగిలిన ఆమ్లెట్ ముక్క, అంతే. ఆదివారం రాత్రి, సోమవారం చాలా చోట్ల షట్టర్ దించేసి ఉంటుంది. అందుకని ముందు లంచ్ టైమ్ రాసుకోండి. వైనరీ టూర్ ఉదయం 11కో, సాయంత్రం నాలుగున్నరకో దాని చుట్టూ సర్దండి. వైనరీని అక్కడ బోడెగా అంటారు. నేరుగా వెళ్ళి తలుపు తడితే పని జరగదు, ఇంగ్లిష్ టూర్ స్లాట్లు తక్కువ, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. వారం మధ్యలో లంచ్‌కి "మెనూ దెల్ దియా" అడగండి. మొదటి వంటకం, రెండోది, స్వీటు, బ్రెడ్, వైన్ లేదా నీళ్ళు, అన్నీ ఒకే ధరలో వస్తాయి. మన మీల్స్ లాంటిదే, కాకపోతే రెండోసారి వడ్డించరు.

కారు సంగతి. ఇండియా లైసెన్స్ అయితే ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని, ఒరిజినల్ లైసెన్స్‌తో కలిపి దగ్గర పెట్టుకోండి. ఒక్కటే చూపిస్తే కౌంటర్‌లో కారు తాళం చేతికి రాదు. ఆటోమేటిక్ కావాలంటే బుకింగ్‌లోనే ఎంచుకోండి, అక్కడ మామూలుగా ఇచ్చేది గేర్ల బండి. ఇక అసలు ప్రశ్న, ఎవరు తాగుతారు, ఎవరు నడుపుతారు? టేస్టింగ్‌లో నాలుగు గ్లాసులు వస్తాయి, బయట బ్రెత్ టెస్ట్ ఉంటుంది. రుచి చూసి ఉమ్మెయ్యడానికి బల్ల మీద బకెట్ పెడతారు. దాన్ని వాడటం మర్యాద తక్కువేం కాదు, వైన్ వ్యాపారంలో ఉన్నవాళ్ళంతా చేసేది అదే. ఇంకా తేలికైన మార్గం రియోహాలోని హారో అనే ఊళ్ళో బస చెయ్యడం. రాసేది హెచ్‌తో, పలికేది మాత్రం "ఆరో".

ఈ హారోలో రైల్వే స్టేషన్ పక్కన ఒక పేట ఉంది, బారియో దె లా ఎస్తాసియోన్. పేరున్న బోడెగాలు గోడకు గోడ ఆనించినట్టు ఉంటాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి పోవచ్చు. స్టేషన్ దగ్గరే ఎందుకు పెట్టారంటే, 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అనే పురుగు వేళ్ళకు పట్టి ఫ్రాన్స్ తోటల్ని నాశనం చేసింది. సరుకు లేక ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్ వ్యాపారులు ఇటు దిగారు. పీపాలు రైలెక్కి బిల్బావో రేవుకు పోవాలి కాబట్టి గోడౌన్లు పట్టాల పక్కనే లేచాయి. ఈ పేట బోడెగాల్లో లోపెస్ దె ఎరేదియా 1877లో, సీవీఎన్ఈ 1879లో, లా రియోహా ఆల్తా 1890లో మొదలయ్యాయి. ఒక రోజుకు రెండు చాలు. ఒకటి ఉదయం, ఒకటి సాయంత్రం. మూడోదానికి వెళ్తే నాలుక మొద్దుబారి, టికెట్ డబ్బులు దండగ.

షాపులో సీసా కొనేటప్పుడు ముందువైపు బొమ్మ చూడకండి, తిప్పి వెనక చూడండి. చిన్న స్టాంపు లాంటి లేబుల్ ఉంటుంది. ఆకుపచ్చ అయితే నిల్వ నియమం ఏమీ లేని మామూలు రకం. ఎరుపు క్రియాన్సా: కనీసం రెండేళ్ళ నిల్వ, అందులో ఏడాది 225 లీటర్ల ఓక్ పీపాలో. ముదురు మెరూన్ రెసెర్వా: మొత్తం మూడేళ్ళు. నీలం గ్రాన్ రెసెర్వా: ఐదేళ్ళు, అందులో రెండేళ్ళు పీపాలో, రెండేళ్ళు సీసాలో. పైన చెప్పినవి రెడ్ వైన్ లెక్కలు. ఖరీదైనదే బాగుంటుందని లేదు. భోజనంతో తాగడానికి క్రియాన్సానే హాయి. గ్రాన్ రెసెర్వాలో పండు రుచి తగ్గి తోలు, పొగాకు, ఎండు అంజీర లాంటి వాసనలు వస్తాయి, మొదటిసారి తాగేవాళ్ళు "ఇదేంటి పాతవాసన" అంటారు. ఇంకో సంగతి, ఆగస్టులో హోటల్ రూమ్‌లో పెట్టిన రెడ్ వైన్ గొంతులో మండుతుంది. తప్పు వైన్‌ది కాదు, వేడిది. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి 17 డిగ్రీల దగ్గరికి తెచ్చి మళ్ళీ తాగి చూడండి.

పక్కనే లగ్వార్దియా, కోటగోడల మధ్య గుట్ట మీద ఊరు. ఇళ్ళ కింద అంతా తవ్విన వైన్ గుహలే, అందుకే గోడల లోపలికి కార్లు రానివ్వరు. బయట ఆపి నడవాలి. ఒక పూట చాలు.

రియోహా రాజధాని లోగ్రోన్యోలో రాత్రి లారెల్ వీధి. ఒక్కో బార్‌కి ఒక్కో వంటకం పేరు. పుట్టగొడుగుల బార్ ముందు ఒక్క క్షణం ఆగి పెనం చూడండి. కాడ తీసిన గొడుగుల్ని బోర్లా కాకుండా గిన్నెలా పైకి పెట్టి, వెల్లుల్లి నూనె పోస్తూ వేయిస్తారు. మూడింటిని ఒకదాని మీద ఒకటి పుల్లకు గుచ్చి బ్రెడ్ మీద నిలబెడతారు. కొసన చిన్న రొయ్య ఉంటుంది, శాకాహారులు చూసుకోవాలి. అసలు రుచి మాత్రం కింద నూనె పీల్చుకున్న ఆ బ్రెడ్‌దే.

శాకాహారం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాం. "నో మీట్" అంటే సరిపోదు. అక్కడ హామ్‌ని (పంది తొడ మాంసం), ట్యూనా చేపని చాలామంది మాంసం లెక్కలో వెయ్యరు. ఎన్సలాదా మిక్స్‌తా అనే సలాడ్‌లో ట్యూనా, మెనెస్త్రా అనే కూరగాయల వంటకంలో హామ్ ముక్కలు మామూలే. "సిన్ హమోన్, సిన్ అతూన్" అని పేరు పెట్టి చెప్పండి. బీఫ్ తిననివాళ్ళకు ఇంకో చిక్కు. రియోహాలో "చులెతియాస్" అంటే గొర్రెపిల్ల చాప్స్, ఎండు ద్రాక్షకొమ్మల మంట మీద కాలుస్తారు, తప్పకుండా తినాల్సినవి. బాస్క్ వైపు "చులేతా" అంటే మాత్రం గొడ్డుమాంసం. తెర్నెరా, వాకా, బుయే, ఈ మూడు మాటల్లో ఏది కనిపించినా బీఫే.

అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఒక రాత్రి రియోహా బంగాళదుంప కూర వండుకోండి. ఇద్దరికి అర కిలో దుంపలు, 120 గ్రాముల చోరిసో (ఇది పంది సాసేజ్), ఒక ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి, బిర్యానీ ఆకు, ఒక ఎండు చోరిసేరో మిరప. ఈ మిరపకు కారం ఉండదు. వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, చీల్చి, లోపలి గుజ్జును చెంచాతో గీకాలి, తొక్క పారెయ్యాలి. దగ్గరగా చూడాల్సింది దుంప కోసే తీరు. కత్తి సగం దాకా దించి, మిగతా సగాన్ని మెలితిప్పి విరిచెయ్యాలి. "టక్" మని శబ్దం వస్తుంది. అలా విరిగిన గరుకు అంచు నుంచి పిండి దిగి పులుసు చిక్కబడుతుంది. నున్నగా కోస్తే నీళ్ళు నీళ్ళుగానే ఉండిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి వేగాక చోరిసో, దుంపలు, గుజ్జు వేసి, చివర్న పాప్రికా (ఎండు మిరప పొడి) ఒక చిన్న చెంచా వేసి వెంటనే నీళ్ళు పొయ్యాలి. ఆలస్యమైతే తాళింపులో కారం మాడినట్టే చేదెక్కుతుంది. చిన్న మంట మీద అరగంట. గరిటె పెట్టకుండా గిన్నెనే చెవులు పట్టుకుని ఊపాలి. దించాక పది నిమిషాలు ఆగండి. చోరిసో వద్దనుకుంటే పొగబెట్టిన వేరా పాప్రికా వాడండి, సగం పని అది చేస్తుంది.

లోగ్రోన్యో నుంచి సాన్ సెబాస్టియన్‌కి సుమారు రెండు గంటలు. అక్కడ కారు బరువే, హోటల్ పార్కింగ్‌లో పడేసి మర్చిపోండి. పాతపేటలో పించోల, అంటే ఒకటి రెండు ముద్దల చిరుతిళ్ళ, బార్‌లు. కౌంటర్ నిండా పేర్చి ఉన్నాయి కదా అని బఫేలా ప్లేటు నింపకండి. అవి చల్లటివి. వేడివి గోడ మీది బోర్డులో రాసి ఉంటాయి, అడిగితే అప్పటికప్పుడు చేస్తారు, అసలు వంట చూపించేది అవే. ఒక బార్‌లో ఒకటో రెండో తిని, డబ్బులిచ్చి, పక్కదానికి కదలాలి. మొదట గిల్దా తీసుకోండి. పుల్లకు గుచ్చిన ఆలివ్, ఆంచోవీ చేప, వెనిగర్‌లో ఊరిన పచ్చటి సన్న మిరపకాయ. ముక్కముక్కగా కొరికితే ఉప్పూ పులుపూ విడివిడిగా కొడతాయి, మొత్తం ఒక్క నోటికి పెట్టుకోవాలి.

దీనికి జోడీ చాకోలి, ఊరి చుట్టూ సముద్రపు గాలి తగిలే వాలుల్లో పండే తెల్ల వైన్. చెయ్యి పైకెత్తి, వెడల్పు గ్లాసులోకి ఎత్తు నుంచి సన్నధారగా పోస్తారు. మన టీ కొట్టులో టీ తిరగబోసినట్టే ఉంటుంది, ఉద్దేశం మాత్రం చల్లార్చడం కాదు, ఉన్న కాస్త బుడగని లేపడం. అందుకే రెండు వేళ్ళ మందమే పోస్తారు, వెంటనే తాగెయ్యాలి. దాచుకునే వైన్ కాదిది, తాజాగా ఉన్నప్పుడే రుచి, సూట్‌కేస్‌లో చోటు వృథా చెయ్యకండి.

చివరి రోజు 25 కిలోమీటర్ల దూరంలో గెతారియా. భూమి చుట్టూ మొదటి ప్రయాణాన్ని 1522లో ముగించిన ఎల్కానో పుట్టిన ఊరు. మనకు పని మాత్రం వీధిలో పెట్టిన బొగ్గుల గ్రిల్‌తో. రొదబాయో, అంటే టర్బట్ చేపని, తలతో, తోలుతో, ఇనుప వల తొడుగులో బిగించి కాలుస్తారు. ధర కిలో లెక్క. వెయిటర్ చేపని చూపించినప్పుడే బరువు, మొత్తం ఎంతవుతుందో అడగండి. ఇద్దరికి కిలో, కిలోంబావు సరిపోతుంది, రెండు కిలోలది అంటగడితే బిల్లు చూసి గుండె ఆగుతుంది. మధ్య ముక్క అందరూ తింటారు. రెక్కల ఎముకల మధ్య జిగురు, తలలో బుగ్గ కండ మాత్రం వదలకండి, చేప తలకాయ పులుసు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఫోర్క్ పక్కన పెట్టి చేత్తో తినండి, అక్కడివాళ్ళూ అంతే.

సీసాల విషయం. ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే వేడికి వైన్ ఉబ్బి కార్క్‌ని తోస్తుంది, పక్క నుంచి కారుతుంది. రియోహాలో కొన్నవి రూమ్‌కి చేర్చాకే తర్వాతి ఊరికి బయల్దేరండి. క్యాబిన్ బ్యాగులో ఒప్పుకోరు, చెక్-ఇన్‌లోనే వెయ్యాలి. నిండు సీసా ఒక్కోటి కిలోంబావు దాకా తూగుతుంది. ఇండియాకి డ్యూటీ లేకుండా ఒక్కొక్కరికి 2 లీటర్లు, అంటే 750 ఎంఎల్ సీసాలు రెండేసి. ఇద్దరి మిగులూ కలిపి ఐదోది పెట్టుకుందామంటే కుదరదు, లెక్క మనిషికి విడివిడిగా చూస్తారు. అమెరికా వెళ్ళేవాళ్ళకు అది ఒక్కొక్కరికి 1 లీటరే, దాటినవి కస్టమ్స్‌లో డిక్లేర్ చెయ్యండి.