ఓడిపోయినప్పుడు ఆట మనతో ఎలా మసలుతుంది?

నమస్కారం. పెద్ద కంపెనీల పెట్టుబడి లేకుండా, ఒక్కరో ఇద్దరో, మహా అయితే ఒక చిన్న బృందమో తయారుచేసే ఆటలను మనం ఇండీ గేమ్స్ అంటున్నాము. వాటిలో నేను ఆడిన కొన్నింటి గురించి, నచ్చిన చోట నచ్చిందనీ, విసుగు పుట్టిన చోట విసుగు పుట్టిందనీ ఉన్నదున్నట్టు చెప్పడానికి ఈ వీడియో చేస్తున్నాను. ఇవన్నీ నా సొంత డబ్బుతో, ఎక్కువగా ధరలు తగ్గించిన రోజుల్లో కొన్నవే. దాదాపు అన్నీ గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్ మీద ఆడినవే.

బొమ్మలకు ఇన్ని, సంగీతానికి ఇన్ని, కథకు ఇన్ని అని మార్కులు వేయడం నాకు చేతకాదు. నేను ఏ ఆటనైనా ఒకే ఒక్క చోట పరీక్షిస్తాను. నేను ఓడిపోయిన మరుక్షణం ఆ ఆట నాతో ఎలా ప్రవర్తిస్తుందన్నదే నా పరీక్ష. గెలిచినప్పుడు అన్ని ఆటలూ దాదాపు ఒకేలా ఉంటాయి. మెరుపులు వస్తాయి, సంగీతం పెరుగుతుంది, అంకెలు ఎగబాకుతాయి. ఓడినప్పుడు మాత్రం ఒక్కో ఆట ఒక్కో రకంగా మాట్లాడుతుంది.

మొదట సెలెస్ట్ గురించి చెబుతాను. 2018 జనవరిలో వచ్చిన ఈ ఆటకు మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ ప్రధాన కర్తలు, సంగీతం లీనా రెయిన్‌ది. మ్యాడలిన్ అనే అమ్మాయి తన భయాలతో, ఆందోళనతో పెనుగులాడుతూ ఒక కొండ ఎక్కుతుంది, కథంతా అంతే. ఆటగాడు చేయవలసిన పని కూడా చెప్పడానికి చిన్నదే. దూకాలి, గోడ పట్టుకోవాలి, గాలిలో ఒక్కసారి దూసుకుపోవాలి. అయితే ఈ మూడింటితో దాటవలసిన తెరలు ఏడు వందలకు పైగా ఉన్నాయి, వాటిలో చాలావాటి నిండా ముళ్ళే. నేను మొదటిసారి శిఖరం చేరేసరికి నా మరణాల లెక్క 2,600 దాటింది. ఇంకే ఆటలోనైనా ఆ అంకె చూసి సిగ్గుపడేవాడిని, కానీ ఇక్కడ ఆట మొదట్లోనే ఒక పోస్టుకార్డు చూపించి, ఎన్నిసార్లు చస్తే అంత నేర్చుకుంటున్నట్టు, ఆ లెక్క చూసి గర్వపడమని చెబుతుంది. అది ఉత్త ఓదార్పు మాట కాదని ఆడుతుంటే తెలుస్తుంది. ముల్లు గుచ్చుకున్న క్షణం నుంచి మళ్ళీ అదే తెర మొదట్లో నిలబడేదాకా పట్టే సమయం కనురెప్పపాటే కాబట్టి, నిట్టూర్చే లోపే మరో ప్రయత్నం మొదలైపోతుంది.

ఈ ఆటలో నేను చాలా ఆలస్యంగా గమనించిన సంగతి ఒకటుంది. ఆటగాడి చిన్న చిన్న తప్పులను ఇది చాటుగా సరిదిద్దుతూ ఉంటుంది. అంచు దాటి గాలిలోకి అడుగు వేసిన తరువాత కూడా కొద్ది ఫ్రేముల (సెకనులో చిన్న ముక్కల) పాటు దూకే అవకాశం మిగిలే ఉంటుంది. నేల తగలకముందే కాస్త తొందరపడి మీట నొక్కినా ఆట దాన్ని గుర్తుపెట్టుకుని, నేల తగలగానే దూకిస్తుంది. తల పైనున్న రాయి మూలకు కొట్టుకోబోతే మనల్ని కొంచెం పక్కకు జరిపి పైకి పంపుతుంది. తయారుచేసినవాళ్ళే ఈ ఏర్పాట్లను బహిరంగంగా వివరించారు. అప్పటిదాకా అదంతా నా చేతి నేర్పే అనుకుని మురిసిపోతూ ఉన్నాను. పైగా, కావాలనుకున్నవారు ఆట వేగాన్ని సగం దాకా తగ్గించుకోవచ్చు, అసలు చావే లేకుండా కూడా ఆడుకోవచ్చు. ఏడో అధ్యాయంలో ఒక చోట నేను వేగం తగ్గించుకునే ఆడాను, అందుకు ఆట నన్ను ఎక్కడా చిన్నబుచ్చలేదు. నాకు నచ్చనిదల్లా కథలోని సంభాషణలే. కొన్నిచోట్ల అవి మానసిక ఆరోగ్యం మీద అచ్చువేసిన కరపత్రం చదువుతున్నట్టు ఉంటాయి. కొండ చెప్పకనే చెప్పిన మాటను పాత్రలు నోరు తెరిచి మళ్ళీ చెప్పవలసిన అవసరం లేదనిపించింది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడేది పేపర్స్ ప్లీజ్. లూకస్ పోప్ ఒక్కడే తయారుచేసి 2013 ఆగస్టులో విడుదల చేసిన ఈ ఆటలో మనం ఆర్‌స్టోట్స్కా అనే కల్పిత దేశపు సరిహద్దు చౌకీలో తనిఖీ ఉద్యోగులం. కథాకాలం 1982. పాస్‌పోర్టులో ఫోటో, గడువు తేదీ, ముద్ర, ఊరిపేరు సరిచూసి లోపలికి పంపాలి లేదా వెనక్కి తిప్పాలి. సరిగ్గా చూసిన ఒక్కొక్కరికీ 5 క్రెడిట్లు వస్తాయి. సాయంత్రానికి అద్దె, తిండి, చలికి వేడి, జబ్బుపడినవారికి మందు అన్నీ ఆ డబ్బులోంచే. ఏ రోజుకా రోజు మొదటి రెండు పొరపాట్లకు హెచ్చరికతో సరిపెడతారు, మూడో దాని నుంచి జీతంలో కోత పడుతుంది.

ఒక రోజు భర్త కాగితాలన్నీ సరిగ్గా ఉండి లోపలికి వెళ్తాడు. వెనకే వచ్చిన భార్యకు మాత్రం ప్రవేశ పత్రం ఉండదు, వెనక్కి పంపితే తనను చంపేస్తారని చెబుతుంది. ఆమెను పంపిస్తే తప్పు నా లెక్కలో పడుతుంది. నేను మొదటిసారి ఆడినప్పుడు ఆ రోజు రెండు హెచ్చరికలూ అప్పటికే అయిపోయాయి, ఇంట్లో అబ్బాయికి మందు కొనాలి. ఆమెను తిప్పి పంపాను. ఆట నన్ను తిట్టలేదు, విషాద సంగీతం పెట్టలేదు, తరువాతి మనిషిని పిలవమన్నట్టు ఊరుకుంది. అంత నిశ్శబ్దంగా నన్ను ఓడించిన ఆట మరొకటి లేదు. వీసా ఇంటర్వ్యూ కోసం ఫైలు ఒళ్ళో పెట్టుకుని తెల్లవారుజామునే వరుసలో నిలబడిన తెలుగువారికి ఈ కిటికీకి అటువైపు కూర్చోవడం వింతగా ఉంటుంది. నవ్వుకోవడానికి చోటు లేకపోలేదు. జోర్జీ అనే ముసలాయన చేత్తో గీసిన పాస్‌పోర్టు పట్టుకుని, లేని దేశం పేరు చెప్పి వస్తాడు, కాదని పంపించేస్తే మంచి చౌకీ అని మెచ్చుకుంటూ వెళ్తాడు. ఇదే పోప్ 2018లో రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ అనే మరో అద్భుతం చేశాడు గానీ, అరవై మంది గతి తేల్చే ఆ పజిల్ గురించి ఎంత చెప్పినా రహస్యం బయటపడుతుంది కాబట్టి ఆడండి అని మాత్రమే అంటాను.

తరువాతిది స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ ప్రోగ్రామింగు, బొమ్మలు, సంగీతం, కథ అన్నీ ఒంటిచేత్తో నాలుగేళ్ళకు పైగా చేసి 2016 ఫిబ్రవరి 26న విడుదల చేశాడు. 2024 చివరికి 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. ఉద్యోగంతో విసిగిన మనిషికి తాత వదిలివెళ్ళిన పొలం దక్కుతుంది. 28 రోజులకో రుతువు మారుతుంది. ఉదయం ఆరుకు లేచి అర్ధరాత్రి దాటాక రెండింటిలోపు మంచమెక్కాలి. ఆ రోజంతా మన గడియారంలో సుమారు పద్నాలుగు నిమిషాలు.

అందరూ దీన్ని హాయినిచ్చే ఆట అంటారు. నాకు మొదటి సంవత్సరం వసంతం వరకే ఆ హాయి దక్కింది. ఆ తరువాత పొలం కాస్తా జమాఖర్చుల పుస్తకమైపోయింది. ఏ విత్తనానికి రోజుకెంత గిట్టుబాటు, ఎన్ని స్ప్రింక్లర్లు పెడితే నీళ్ళు పట్టే పని తప్పుతుంది, ఏ పండు సారా చేస్తే ఎంత పలుకుతుంది అని కాగితం మీద లెక్కలు వేసుకుంటూ, ఊళ్ళోవాళ్ళు పలకరిస్తే విసుక్కునే స్థితికి వచ్చాను. ఇది ఆట తప్పు కాదు, నా ఆశ తప్పు. కాని మూడో సంవత్సరం మొదట్లో తాత ఆత్మ వచ్చి మన పని చూసి తీర్పు చెబుతుందన్న సంగతి ముందే తెలిసినవాడు నిదానంగా ఎలా ఆడతాడు? ఓటమి లేని ఆటలో ఓటమిని నేనే కల్పించుకున్నాను.

మరొక మాట. సేద్యం చేసిన ఇంట్లో పుట్టినవారికి ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద కల్పన అడవిలో గోపురంలో ఉండే మాంత్రికుడు కాదు, పెట్టె. సాయంత్రం పంటను ఒక చెక్కపెట్టెలో వేస్తే తెల్లారేసరికి డబ్బు చేతికొస్తుంది. ఎంత పండించినా ధర పడిపోదు, తరుగు తీయరు, తేమ శాతం చూసి పక్కన పెట్టరు, బోరు ఎండదు, కౌలు కట్టనక్కర్లేదు. మా నాన్నకు ఆ పెట్టె చూపిస్తే కాసేపు తెరవైపు చూసి, ఆ యార్డు ఎక్కడుందో కనుక్కోమన్నాడు.

వెన్బా గురించి క్లుప్తంగా చెబుతాను. టొరంటోలోని విసాయ్ గేమ్స్ 2023 జులైలో విడుదల చేసింది. 1980ల్లో కెనడాకు వలస వెళ్ళిన తమిళ కుటుంబం, తల్లి చేతి వంట, భాషకు దూరమవుతున్న కొడుకు, ఇంతే కథ. 2024లో బ్రిటన్ బాఫ్టా పురస్కారాల్లో తొలి ఆట విభాగంలో గెలిచింది. చిరిగిపోయిన వంటల పుస్తకంలోని ఖాళీలను మనం పూరించాలి, తప్పితే మళ్ళీ మొదలుపెట్టడమే గాని శిక్ష లేదు. ఇడ్లీ పాత్రలో రేకులు ఒకదానిపై ఒకటి ఎలా అమర్చాలన్నది మొదటి చిక్కుముడి. విదేశీ ఆటగాడు అక్కడ ఆలోచనలో పడతాడేమో కాని, కింది రేకు ఇడ్లీ మీద పై రేకు ఇడ్లీ రాకూడదని మన ఇంట్లో బడికెళ్ళే పిల్లలకు కూడా తెలుసు. ఆట గంటన్నరలో అయిపోతుంది. పెద్దవాడైన కొడుకు అమ్మ పుస్తకంలోని తమిళాన్ని తడుముకుంటూ చదివే ఘట్టం నన్ను కదిలించింది, అయినా ఆటగా నా ఆకలి తీరలేదు. ఇంకో నాలుగు వంటలు, కాస్త మాడిపోయే అవకాశం ఉంటే బాగుండేది.

ఇప్పుడు బలాట్రో. లోకల్‌థంక్ అనే మారుపేరుతో ఉన్న కెనడా వ్యక్తి తయారుచేసిన ఈ ఆట 2024 ఫిబ్రవరి 20న వచ్చింది. మా ఇంట్లో దీన్ని ఆడటమే ఒక సాహసం. తెరమీద ఇస్పేటు, కళావరు, ఆఠీను కనిపించగానే అమ్మ నోట వచ్చిన మొదటి మాట, పేకాట మొదలెట్టావా అని. ఆన్‌లైన్ రమ్మీలో డబ్బు పోగొట్టుకున్నవారి సంగతులు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని విన్నామో తెలిసిందే కాబట్టి ఆమె భయాన్ని తప్పుపట్టలేను. ఇందులో నిజమైన డబ్బు పందెం లేదు, ఆట కొన్నాక లోపల మళ్ళీ కొనవలసింది కూడా లేదు. తన ఆటను ఏ జూద సంస్థకూ అమ్మకూడదని, వాడుకోనివ్వకూడదని తయారీదారు వీలునామాలోనే రాసుకున్నట్టు ప్రకటించాడు. యూరప్ వయోపరిమితి సంస్థ ఒక దశలో దీనికి 18 ఏళ్ళ ముద్ర వేసినా, 2025లో 12కు తగ్గించింది.

పోకరులో లాగే జత, వరుస, రంగు వంటి కూర్పులు వేసి అడిగినన్ని పాయింట్లు చేయాలి. 150 జోకర్లు ఒక్కొక్కటీ ఒక్కో నియమాన్ని తలకిందులు చేస్తాయి. ఒకసారి నేను గంటసేపు రాజు, రాణి, జాకీల చుట్టూనే పేక మొత్తం కూర్చుకున్నాను. ఆఖరుకు దగ్గరపడ్డాక బొమ్మ ముక్కలేవీ పనిచేయనివ్వని బాస్, అంటే దశ చివర వచ్చే గట్టి పరీక్ష, ఎదురైంది. కళ్ళముందే గంట కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది. ఇక్కడ ఓటమికి బాధ ఉండదు, అదే నన్ను కలవరపెట్టిన విషయం. ఓడిన తెర మీదే కొత్త ఆట మీట సిద్ధంగా ఉంటుంది, నా వేలు దాన్ని ఎప్పుడు నొక్కిందో నాకే తెలియదు. రాత్రి పదకొండుకు ఒక్కసారని కూర్చుని పాలవాడి గంట విన్న రోజులు రెండున్నాయి. డబ్బు పోలేదు, నిద్ర పోయింది. ఇంత చక్కగా చెక్కిన ఆటను నేను ఫోన్లోంచి తీసేశాను, ల్యాప్‌టాప్‌లో మాత్రం ఉంచుకున్నాను.

చివరగా హాలో నైట్. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన టీమ్ చెర్రీ అనే చిన్న బృందం 2017 ఫిబ్రవరిలో విడుదల చేసింది. పురుగుల రాజ్యం, నేలకింద శిథిల నగరాలు, ఎడతెగని వాన కురిసే ఒక పట్నం, క్రిస్టఫర్ లార్కిన్ సంగీతం. అందం విషయంలో దీనికి సాటి వచ్చే చేతిబొమ్మల ఆట నేను చూడలేదు. కొత్త చోటికి వెళ్తే పటం కూడా ఉండదు. నేలమీద పడివున్న కాగితాలనూ, కూనిరాగం వినిపించే దిక్కునూ పట్టుకుని పటాలు గీసే కార్నిఫర్‌ను వెతికి, డబ్బిచ్చి కొనుక్కోవాలి. దారి తప్పడాన్ని ఇంత ఇష్టంగా చేయించిన ఆట ఇదొక్కటే.

కానీ చనిపోతే మాత్రం దీనికి దయ లేదు. చివరిగా కూర్చున్న బెంచీ దగ్గర లేస్తాము, మన డబ్బంతా చచ్చిన చోట మన నీడ దగ్గరే ఉండిపోతుంది. అక్కడిదాకా మళ్ళీ నడిచి, ఆ నీడతో పోరాడి తెచ్చుకోవాలి. ఈలోగా మళ్ళీ చస్తే ఆ సొమ్ము శాశ్వతంగా పోతుంది. గోరుచుట్టుపై రోకటిపోటు అంటే ఇదే. మాంటిస్ లార్డ్స్ అనే పురుగు యోధులతో పోరులో నాకు ఈ కాఠిన్యం న్యాయంగానే తోచింది. గెలిచాక వాళ్ళు తలవంచి నమస్కరిస్తారు, ఆ తరువాత ఆ ఊళ్ళో ఏ మాంటిసూ మన జోలికి రాదు. వాచర్ నైట్స్ దగ్గరే నాకు ఆటతో చెడింది. ఆరుగురు యోధులు ఒకరి తరువాత ఒకరు లేస్తారు, ఇద్దరేసి ఒకేసారి మీదపడతారు. ఓడిన ప్రతిసారీ బెంచీ నుంచి ఆ గోపురం పైకి వెళ్ళే దారిలో శత్రువులను తప్పించుకుంటూ రావాలి. పోరాటం కష్టమైనందుకు నాకు ఫిర్యాదు లేదు, ఆ నడక నాకు కొత్తగా నేర్పేది ఏమీ లేనందుకే ఫిర్యాదు. పదిహేడోసారి తరువాత ఆట మూసేసి ఎనిమిది నెలలు తెరవలేదు.

2025 సెప్టెంబరులో దీని తరువాతి భాగం సిల్క్‌సాంగ్ విడుదలై అందరూ దాని గురించే మాట్లాడుతున్నప్పుడు, మా పక్కింటి కుర్రవాడు ఒక సంగతి చెప్పాడు. ఆ గదికి పైన ఒక రహస్య మార్గం ఉందట, అక్కడ వేలాడే దీపాల గుత్తిని తెంచితే అది కిందపడి యోధుల్లో ఒకణ్ణి ముందే చంపేస్తుందట. ఆ రాత్రే మళ్ళీ తెరిచాను. గోడ వెనక దారి నిజంగానే ఉంది. గుత్తి తెంచాను, ఒకడు పోయాడు, ఐదుగురు మిగిలారు. వాళ్ళలో నలుగురిని పడగొట్టాను. ఐదోవాడు దొర్లుకుంటూ వచ్చి నన్ను గోడకు నొక్కేశాడు. ఇప్పటికి నా నీడ ఆ గదిలోనే, 1,900 నాణేలతో నిలబడి ఉంది. ఈ వీడియో ఎడిటింగు అయిపోగానే వెళ్ళి తెచ్చుకోవాలి.