గొడుగు కారు

(విజయనగరంలో ఒక మెకానిక్ షెడ్డు పాతికేళ్ల పండగలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, కింద నిలబడ్డ మేస్త్రీలకు, ఆయిల్ చేతులతోనే వచ్చేసిన కుర్రాళ్లకు నమస్కారం. పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. చదివితే భోజనాలు చల్లారిపోతాయి, క్షమించాలి.

నన్ను పిలిచింది పాత బండి కొనేటప్పుడు జాగ్రత్తలు చెప్పమని. కానీ ఇందాక టీ దగ్గర ఒక కుర్రాడు అడిగాడు, "మాస్టారూ, టాప్ లేని స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో చూశాను, కొనీమంటారా?" అని. అది విన్నాక రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టేశాను. ఆ ముచ్చట నేను తీర్చుకున్నాను బాబూ. కాస్త విను.

రిటైరైన డబ్బులో కొంత పెట్టి కొన్నాను. కంపెనీ పేరు అనవసరం, బుద్ధి తక్కువ నాదే. రెండు సీట్లు, గుడ్డ టాపు. మా వీధి ముసలమ్మ చుట్టూ తిరిగి చూసి, "ఏటి బావూ, గొడుక్కి చక్రాలు కట్టించీసినావా?" అంది. ఆ రోజు నుంచి ఊళ్లో అది గొడుగు కారే.

టాప్ తీసి తిరిగే రోజులు మనకెన్నో మీరే లెక్కేయండి. మార్చి నుంచి మాడు పగిలే ఎండ. ఆ తర్వాత వానలు. అక్టోబరు వస్తే తుఫాను భయం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరే. మిగిలిన చలికాలంలో ఇసుక లారీ వెనకాల ఇరుక్కున్న రోజులు కూడా తీసేయండి.

కార్తీకమాసంలో ఒక ఆదివారం మా ఆవిడతో అరకు బయల్దేరాను. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కాం. అబద్ధమెందుకు, ఆ అరగంట స్వర్గమే. అనంతగిరి దగ్గర టీకి ఆగి, టాప్ మూసి, తాళం వేశాను. సీట్లో అరటిపళ్ల సంచి ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి టాపు కుట్టు దగ్గర చీల్చుకుని ఒక కోతి డ్రైవర్ సీట్లో కూర్చుని ఉంది. స్టీరింగ్ మీద తొక్కలు. పక్క సీట్లో దాని జోడు. "మీకన్నా అదే కుదురుగా కూర్చుంది" అంది మా ఆవిడ.

దిగేటప్పుడు వాన. ఆవిడ ఆ చీలికలోంచి గొడుగు పైకి పెట్టి విప్పింది. ఎస్.కోట దాకా అలాగే వచ్చాం. బస్సులో జనం కిటికీలకు అతుక్కుపోయి చూశారు. కొత్త టాపుకి చెప్పిన ధరతో మా డాబా మీద రేకుల షెడ్డు వేయించొచ్చు. అదీ మూడు నెలలు ఆగితేనట. ఆ మూడు నెలలూ టార్పాలిన్ కట్టి ఉంచాను. నవ్వకండి, ఇంకా కడుపు మండుతుంది.

సరే, ఘాట్‌లో అంత ఆనందం ఎందుకు కలిగింది? గాలి వల్ల కొంతే. బండి తేలిక. గేరు చేతికి అందినట్టు పడుతుంది, స్టీరింగ్ కదిపితే ముక్కు తిరుగుతుంది. 1989లో వచ్చిన మాజ్దా మియాటా అనే టాప్ తీసే రెండు సీట్ల జపాన్ కారు ఇంజిను 120 హార్స్‌పవర్ లోపే, బరువు టన్నులోపే. బండీ మనిషీ ఇలా కలిసిపోవడాన్ని జపాన్ వాళ్లు జిన్బా ఇత్తాయ్ అంటారు, గుర్రమూ రౌతూ ఒకటైపోవడం. ఆ కారును మన దేశంలో కంపెనీ అమ్మనే లేదు. ఆ గుణం మాత్రం టాపున్న బళ్లలోనూ దొరుకుతుంది.

2017లో మారుతి బలేనో ఆర్ఎస్ తెచ్చింది. 950 కిలోల బండికి 102 హార్స్‌పవర్ టర్బో, అయిదు గేర్లు. 2020లో ఆపేశారు. అదే కుటుంబం ఇంజిను 2023లో మారుతి ఫ్రాంక్స్‌లో వచ్చింది కాబట్టి మన మేస్త్రీలకు మరీ కొత్త కాదు. ఫోక్స్‌వ్యాగన్ పోలోలో అయితే 2020 తర్వాత వచ్చిన 1.0 టీఎస్ఐ అనే టర్బో పెట్రోలు ఇంజిను, ఆరు గేర్ల మాన్యువల్ చూడండి. అంతకుముందు పోలో జీటీ రకంలో వచ్చిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ట్రాఫిక్‌లో కుదుపుతోందేమో గంటసేపు నడిపి కానీ మాట ఇవ్వకండి. ఫియట్ పుంటో అబార్త్ 145 హార్స్‌పవర్, చూస్తే నోరూరుతుంది. విడిభాగాల కోసం ఊళ్లు తిరిగే ఓపిక ఉంటే తీసుకోండి.

నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని అమ్మేవాడికి ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిను స్టార్ట్ చేస్తే బయటపడే రోగం ఏదో దాస్తున్నాడేమోనని అనుమానించాలి. పొగ నీలంగా వస్తే ఆయిల్ తాగుతోందని ఇక్కడెవరికీ చెప్పక్కర్లేదు. పవర్ పెంచడానికి కంప్యూటర్‌లో రీమ్యాప్ చేయించిన బండైతే దండం పెట్టి వచ్చేయండి. బరంపురం వైపు నుంచి ఒడిశా నంబరుతో చవగ్గా వస్తాయి. ఫారం 28 మీద ఎన్ఓసీ, అంటే అక్కడి ఆర్టీవో ఇచ్చే 'అభ్యంతరం లేదు' కాగితం, లేకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. అప్పు మీద కొన్న బండికి, ఆ అప్పు తీరిపోయిందని చూపే ఫారం 35 అడగండి.

గొడుగు కారు అమ్మేశాను. బయట వేపచెట్టు కింద ఎర్ర బలేనో ఆర్ఎస్ నాదే. ఇందాకటి కుర్రాడు ఎక్కడ? ఇదిగో తాళం, కోరుకొండ దాకా వెళ్లి రా. లైసెన్సు చూపించి తీసుకో. వెనక సీట్లో అరటిపళ్లున్నాయి, అవి మా ఆవిడవి, ముట్టుకోకు.