సీసాలో లేని విషం ఆవిరిలోకి ఎలా వస్తుంది?

శ్రోతలకు నమస్కారం. ఈ-సిగరెట్, కుర్రాళ్ల మాటల్లో వేప్. "ఇందులో నిప్పు లేదు, బూడిద లేదు, ఇంక హాని ఏముంటుంది?" అనేవాళ్లు మన చుట్టూ ఉన్నారు. నిప్పు లేని మాట నిజమే. వేడి మాత్రం ఉంది. ఈ పూట చెప్పుకునేది ఆ వేడి సంగతే.

ఆ పరికరం లోపల ఒక బ్యాటరీ, సన్నటి లోహపు తీగచుట్ట, దాన్ని ఆనుకుని దూది వత్తి ఉంటాయి. వత్తి సీసాలోంచి నింపిన ద్రవాన్ని పీల్చుకుంటుంది, తీగ వేడెక్కుతుంది, ద్రవం ఆవిరవుతుంది. ద్రవంలో చాలా భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. అందులో నికొటిన్, రకరకాల ఫ్లేవర్లు కలుపుతారు. గ్లిజరిన్ మిఠాయిల్లోనూ వాడతారు కదా, తినే వస్తువేగా అంటారు అమ్మేవాళ్లు. తిన్నది కడుపులోకి పోతుంది. ఇది కాగిన తీగ మీద నుంచి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండూ ఒకటెలా అవుతాయి?

ప్రొపిలీన్ గ్లైకాల్ మరిగేది దాదాపు 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర. గ్లిజరిన్‌కైతే 290 దాకా కావాలి. అంత వేడిలో కొన్ని అణువులు ఆవిరై ఊరుకోవు, విరిగి కొత్త పదార్థాలుగా మారతాయి. ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, అక్రోలిన్ అలా పుట్టినవే. సీసా మీది లేబుల్ ఎంత వెతికినా ఈ పేర్లు కనబడవు, ఎందుకంటే ఇవి తయారయ్యేది తీగ దగ్గర. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది.

అక్రోలిన్ మనకు కొత్తదేం కాదు. పోపుకి నూనె పెట్టి ఫోన్లో పడిపోతే, బాణలి పొగలు కక్కి కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. ఆ ఘాటుకి ముఖ్య కారణాల్లో అక్రోలిన్ ఒకటి. నూనె అణువులోనూ గ్లిజరిన్ భాగం ఉంటుంది మరి. వంటింట్లో అయితే గబగబా కిటికీ తీస్తాం!

ఇక వోల్టేజీ. కొన్ని పరికరాల్లో దాన్ని పెంచుకునే వీలుంటుంది. 3.2 వోల్టుల నుంచి 4.8కి పెంచితే ఒకటిన్నర రెట్లే అనిపిస్తుంది. కానీ అదే తీగలో పుట్టే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి, అంటే ఒకటిన్నరను ఒకటిన్నరతో గుణించినట్టు, రెండుంపావు రెట్లు పెరుగుతుంది. 2014లో వెలువడిన ఒక అధ్యయనం సరిగ్గా ఈ రెండు వోల్టేజీల మధ్యే కొలిచింది. ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, అసిటోన్ 4 రెట్ల నుంచి 200 రెట్లకు పైగా పెరిగాయి.

2015లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 5 వోల్టుల దగ్గర ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేయగల పదార్థాలు కనిపించాయనీ, 3.3 దగ్గర కనిపించలేదనీ రాశారు. దానిపై పెద్ద వాదనే నడిచింది. వత్తిలో ద్రవం ఎండిపోయి మాడు రుచి వస్తే మనిషి వెంటనే ఆపేస్తాడు, ప్రయోగశాలలో యంత్రం మాత్రం పీలుస్తూనే ఉంటుంది అన్నారు కొందరు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. మామూలు వాడకంలో ఈ ఆల్డిహైడ్లు, అంటే ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, అక్రోలిన్ లాంటివి, సిగరెట్ పొగలో కన్నా సాధారణంగా తక్కువే అన్నదీ ఒప్పుకోవాలి. అయినా మాడు రుచి రాలేదంటే ఏమీ పుట్టలేదని అర్థం కాదు. 2016లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల వాళ్లు చూసిందేమిటంటే, మొదటి దమ్ముల్లో కన్నా తీగ పూర్తిగా వేడెక్కాక ఈ రసాయనాలు ఎక్కువగా వచ్చాయి. అదే తీగను వాడుతూపోతే దాని మీద పేరుకున్న మడ్డి వల్ల ఇంకా పెరిగాయి. వోల్టేజీ పెంచే మీటను ముట్టుకోకపోయినా రేపటి ఆవిరి ఇవాళ్టిలా ఉండదన్నమాట.

వేడి తగ్గిస్తే సరిపోతుందా? ఆల్డిహైడ్లు తగ్గుతాయి. నికొటిన్ మాత్రం ఎక్కడికీ పోదు, దాని అలవాటూ పోదు.

మన దేశంలో 2019 నాటి చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలు అన్నింటినీ నిషేధించింది. మొదటిసారి అమ్ముతూ దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దొంగచాటుగా దొరికే సరుకులో ఏ తీగ ఉందో, అది ఎంత వేడెక్కుతుందో చూసే నాథుడు లేడు. పొగాకు అలవాటు మానాలనుకునేవాళ్లకు జాతీయ క్విట్‌లైన్ ఉంది, కాల్ ఉచితం. నంబర్ రాసుకోండి: 1800 11 2356.