లేని కారుకు కాగితం ఎక్కడి నుంచి తేవాలి?

(దృశ్యం: రేషన్ దుకాణం. బల్లపై తూకం, వేలిముద్ర యంత్రం.)

హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి ఇంటికి రేషన్ ఆగిపోయింది. ఆయనకు కారు ఉందట. ఆ కారు, పేరు దగ్గరగా ఉన్న వేరొకరిది.

ఇద్దరినీ ఒకరిగా లెక్కగట్టింది ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థ. స్థోమత ఉండి కూడా రేషన్ తీసుకునేవారిని గుర్తించడానికి, వాహనాలు, ఆస్తుల వంటి రికార్డులను ఒకచోట చేర్చే ఆ వ్యవస్థను తెలంగాణ ప్రభుత్వం వాడింది. ఉద్దేశం మంచిదే.

(తెరపై: ‘లక్ష్మి’ పేరు, నాలుగు ఇంగ్లిష్ స్పెల్లింగులతో.)

మన పేర్ల సంగతి మనకు తెలుసు. ఒక కార్డులో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోదానిలో వెనక, మరోదానిలో పొడి అక్షరమే. అక్షరం అక్షరం సరిపోవాలని పట్టుబడితే కంప్యూటర్‌కు ఎవరూ దొరకరు. అందుకని పేరు, చిరునామా ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి, ‘వీరిద్దరూ ఒకరే కావచ్చు’ అని అంచనా వేస్తుంది. పట్టు సడలించిన కొద్దీ వేర్వేరు మనుషులు ఒకరిగా అతుక్కుపోతారు. ఒకే పేరున్నవారు మీ వీధిలోనే ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి చూడండి.

అంచనా తప్పవచ్చు, అది నాకు అర్థమవుతుంది. ఆ ‘కావచ్చు’ దారిలో ఎక్కడో రాలిపోయి, అధికారి బల్ల మీదకు చేరేసరికి ‘అనర్హులు’ అయిపోవడమే నన్ను బాధిస్తుంది. నోటీసు లేదు. ఇంటికి వచ్చి అడిగినవారు లేరు. కారు లేదని రుజువు చేసుకునే భారం మాత్రం ఆ పేద ఇంటి మీదే పడింది. లేని కారుకు కాగితం ఎక్కడి నుంచి తేవాలి?

(తెరపై: సుప్రీంకోర్టు భవనం.)

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కల్పించుకుంది. తెలంగాణలో రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. ఆ జులై నాటికి చూసిన 2 లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో 15 వేలకు పైగా అర్హమైనవేనని తేలింది.

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వేలాది తల్లిదండ్రులపై మోసగాళ్లన్న ముద్ర పడి, 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. అక్కడా అనుమానితులను ఎంపిక చేయడంలో కంప్యూటర్ నమూనా పాత్ర ఉంది. ప్రభుత్వ సాయానికి అర్హత తేల్చే ఇలాంటి వ్యవస్థలపై మనిషి పర్యవేక్షణ ఉండాలని ఐరోపా సమాఖ్య 2024లో చట్టమే చేసింది.

(దృశ్యం: గడప ముందు నిలబడిన ఉద్యోగి, చేతిలో కాగితం.)

మనకూ అలాంటి నియమం కావాలి. కంప్యూటర్‌కు అనుమానం వస్తే, కారణం ఏమిటో తెలుగులోనో ఉర్దూలోనో రాసి నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత ఒక ఉద్యోగి ఇంటికి వెళ్లి చూసి రావాలి. అంతవరకు ఆ ఇంట్లో మనిషికి 6 కిలోల చొప్పున వచ్చే బియ్యం ఆపకూడదు.